రెండు మూతల మందు

కాలవ కింద వెంపలకుంటలో ముక్కంటి అని ఒక మిరప రైతు ఉండేవాడు, మంచోడే, కాకపోతే ఎవరైనా ఒకటి చెప్తే ఈయన రెండు చేసేవాడు. పురుగు మందు డబ్బా మీద ట్యాంకుకి ఒక మూత అని రాసుంటుందా, ఈయన రెండు మూతలు పోసేవాడు.

"అంత ఎందుకు బాబాయ్?" అని ఎవరైనా అడిగితే, "పురుగుకి చెవుడురా, ఒకసారి చెప్తే వినదు" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వి, చేలోకెళ్లి, వాళ్లూ రెండు మూతలే పోసేవాళ్లు. అదీ మనవాళ్ల తెలివి.

ఆ ఊళ్లో దాన్ని విషం అని ఎవరూ అనరు. మందు అంటారు. చల్లడాన్ని కొట్టడం అంటారు. మందు అన్నాక ఇంక భయం ఎందుకుంటుంది చెప్పండి! ముక్కంటి భార్య సామ్రాజ్యం నీళ్లు మోసుకొచ్చి, బకెట్లో మందు పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పేది. కర్ర వెతుక్కునే ఓపిక ఎవరికుంది? ఆ చెయ్యే కొంగుకి తుడుచుకుని అన్నం క్యారేజీ విప్పేది.

పని అయ్యాక ట్యాంకు కాలవలో కడిగేవాళ్లు. ఖాళీ డబ్బాలు కూడా అందులోకే. ముందు కప్పలు అరవడం మానేశాయి. పీడా పోయింది, నిద్ర బాగా పడుతోంది అన్నారు. తర్వాత పూత మీదకి తేనెటీగలు రావడం మానేశాయి. అదీ ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు గొర్రెలు కాసే ఏడుకొండలు వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

"బాబాయ్, నా గొర్రెలు రెండు నురగ కక్కుకుని పడిపోయినయ్. కాలవలో నీళ్లు తాగినయ్ అంతే."

"తాగించమని నేను చెప్పానా?"

"మరి గొర్రెలకి క్యాను నీళ్లు కొనమంటావా?"

"కొను. అవీ కాస్త దర్జాగా బతుకుతాయి."

ఏడుకొండలు నవ్వలేదు. "చెప్పీ చెప్పీ నోరు నెప్పి పుట్టింది. ఇంక నీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ ఏడు మిరప పూతకి తామర పురుగు పట్టింది. ఎంత కొట్టినా చావలేదు. ముక్కంటి రెండు మూతల్ని మూడు చేశాడు. ఎండ మండిపోతోంది. ఆరో ట్యాంకు దగ్గర సామ్రాజ్యం బకెట్ పట్టుకుని ఆగిపోయింది.

"ఏవయ్యా, నాకు కళ్లు మసకేస్తున్నయ్."

"పొద్దున టీ తాగలేదుగా, అందుకే. ఇంకో రెండు ట్యాంకులే."

రెండు కాదు, ఒకటి కూడా అవలేదు. ఏడో ట్యాంకుకి కలుపుతూనే ఆమె పక్కకి ఒరిగిపోయింది. నోట్లోంచి చొంగ, ఒంటి నిండా చెమట. ముక్కంటి ఆటోలో వేసుకుని టౌన్లో ఆసుపత్రికి పరిగెత్తాడు.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఆ వారమే సిటీ నుంచి వచ్చింది. పొద్దున్నుంచీ వంద మందిని చూసి చూసి నీరసంగా ఉంది. మాస్కు పెట్టుకుని కాస్త దూరంగానే నిలబడింది.

"ఏమైంది?"

"పొద్దున్నుంచీ మందు కొడుతున్నాం మేడం."

"ఇద్దరూనా?"

"అంటే ఆమె కలిపిస్తది, నేను కొడతా."

డాక్టరమ్మ మొహం చిట్లించింది. "ఎంత కలిపింది?"

"ఎప్పుడూ రెండు మూతలే. ఇయ్యాల మూడు."

"మూడు మూతలకే ఇలా పడిపోయిందా?"

"ఎండ కదా మేడం."

"ఎండలో కూర్చుని కొట్టారా! సిగ్గుండాలి. ఆ బెంచీ మీద పడుకోబెట్టండి, కాసేపటికి దిగిపోతుంది."

దిగిపోతుందని డాక్టరే చెప్పింది కదా అని ముక్కంటి బెంచీ పక్కన కూర్చున్నాడు. అరగంట గడిచింది. సామ్రాజ్యం ఊపిరి గరగరలాడింది. కాలి కండలు వాటంతటవే అదురుతున్నాయి. నేల తుడుస్తున్న ఆయా ఆగి, వంగి, ఆమె కొంగు వాసన చూసింది.

"ఓరి నాయనో! ఇది తాగిన వాసన కాదు, పురుగు మందు! డాక్టరమ్మా, వీళ్లు చేలో మందు కొట్టేవాళ్లమ్మా!"

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి రెప్ప ఎత్తి చూసింది. కంటి పాప సూది మొనంత అయిపోయింది.

"విషం అని ఒక్క మాట చెప్పలేకపోయావా?" అని ముక్కంటి మీద అరిచింది.

"విషం కాదు మేడం, మందు..." అన్నాడు ముక్కంటి. అన్నాక ఆ మాట తనకే వినపడింది.

బట్టలు మార్చి ఒళ్లంతా సబ్బు నీళ్లతో కడిగారు. సూదుల మీద సూదులు వేశారు. నాలుగు రోజులు గొంతులో గొట్టం. ముక్కంటి వరండాలో ఆ నాలుగు రోజులూ కూర్చునే ఉన్నాడు. ఐదో రోజు ఆమె కళ్లు తెరిచింది.

డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, "నాదీ తప్పేనమ్మా. ఇంకో ప్రశ్న అడగాల్సింది. అరగంట పోగొట్టాను" అంది.

"నువ్వు పొరబడింది అరగంటేగా తల్లీ" అంది సామ్రాజ్యం, గొంతు పెగలక మెల్లగా. "మేం పదేళ్ల నుంచి పొరబడతానే ఉన్నాం."

బతికింది గానీ కుడి చేతి వణుకు పోలేదు. ఆర్నెల్లయినా పోలేదు. ముక్కంటి ఆ డబ్బాలు ముట్టుకోవడం మానేశాడు. దిగుబడి సగానికి పడింది. ఊళ్లో ఒక్కొక్కళ్లనీ ఆపి, "అది మందు కాదురా, విషం. కాలవలో కడగకండి" అని చెప్పాడు. "ఆసుపత్రికి పోయొచ్చి పంతులైపోయాడు" అని వెనకాల నవ్వుకున్నారు.

ఒక మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ముక్కంటి అన్నం కలిపి భార్యకి ముద్దలు పెడుతున్నాడు. పై చేలల్లో ఎవరో ట్యాంకు కడిగినట్టున్నారు, కాలవలో తెల్లటి నురగ తేలుకుంటూ వాళ్ల ముందు నుంచే పోతోంది.

"నువ్వొక్కడివి మానితే ఏమైందయ్యా?" అంది సామ్రాజ్యం.

"ఏం కాలేదే" అన్నాడు ముక్కంటి. ఇంకో ముద్ద కలిపి, "తిను. తిన్నాక పైకెళ్లి వాళ్లకీ చెప్పొస్తా. తిడితే తిట్టనీ" అన్నాడు.

దీంట్లో నేర్చుకోవాల్సింది ఇదే: విషానికి మందని పేరు పెట్టి మనుషుల్ని నమ్మించొచ్చు గానీ నేలనీ నీళ్లనీ ఒంటినీ నమ్మించలేం, వాటిల్లో మనం ఏం పోస్తే అదే మన దగ్గరికి తిరిగొస్తుంది.