నక్క గోవర్ధనం గారి పిల్లల రక్షణ చట్టం

నల్లమద్ది అడవిలో కొండ మీద సెల్ టవర్ లేచిన ఏడాదికే తొర్రకో ఫోను, పొదకో ఫోను వచ్చేశాయి. పెద్దలు వాటిలో వాన కబుర్లు చూసుకుంటుంటే, పిల్లలు మేత మానేసి ముఖం తెలియని స్నేహితులతో ముచ్చట్లలో పడ్డారు.

కుందేలు నాంచారమ్మ కూతురు చిట్టికి అలాగే ఓ స్నేహితురాలు దొరికింది. పేరు వెన్నెల అని చెప్పింది. తనూ కుందేలు పిల్లనేనంది. బూరెబుగ్గల ఫొటో కూడా పంపింది. వారం రోజులు కబుర్లాడి, "వాగు అవతల లేత గడ్డి ఉంది, అమ్మకు చెప్పకుండా వచ్చేయ్" అంది. చిట్టి వెళ్లింది. అక్కడ వెన్నెల లేదు, దుమ్ములగొండి భద్రయ్య ఉన్నాడు.

చెట్టు మీదున్న వడ్రంగిపిట్ట తులశమ్మ గొంతు చించుకుని అరవబట్టి సరిపోయింది. చిట్టి ఒక్క గెంతు గెంతి, తోక అతని పళ్ల మధ్య వదిలేసి ప్రాణాలతో బయటపడింది. ఆ రోజు నుంచి పిల్ల బొరియ దాటి బయటికి రాలేదు. రోజూ పొద్దున్నే తులశమ్మ ఆ గుమ్మం దగ్గర వాలి పలకరించేది. లోపల్నుంచి జవాబు వచ్చేది కాదు. ఇంకాస్త ముందే అరిచి ఉండాల్సిందని ఆమె మనసు పీకుతూనే ఉండేది.

అంతలో అడవి సభకు ఎన్నికలొచ్చాయి. నక్క గోవర్ధనం నాంచారమ్మ గుమ్మం ముందు నిలబడి, రాని కన్నీళ్లు తుడుచుకున్నాడు.

"నన్ను గెలిపించు చెల్లెమ్మా. తొలి సమావేశంలోనే పిల్లల రక్షణ చట్టం తెస్తాను. పిల్లల వేషంలో ఫోనులో మాట్లాడిన పెద్దవాడెవడైనా సరే, ఫోను లాక్కుని అడవి నుంచి వెలి వేయిస్తాను."

తులశమ్మ ఆ మాటను పొల్లు పోకుండా సభ ఎదురుగా ఉన్న ఎండు మద్దిమాను మీద ముక్కుతో చెక్కింది. గోవర్ధనం గెలిచాడు.

తొలి సమావేశమంతా సభ్యుల కుర్చీలకు నీడ ఎటువైపు పడాలన్న చర్చతోనే సరిపోయింది. బయటికొస్తున్న గోవర్ధనానికి తులశమ్మ అడ్డం వాలింది.

"చట్టం ఏమైందండీ?"

"ముసాయిదా తయారవుతోంది తులశమ్మా. చట్టమేమన్నా పుట్టగొడుగా, వాన పడగానే మొలవడానికి?"

ఆమె మాను మీద ఆ మాట కింద ఒక చిల్లు పొడిచింది. రెండో సమావేశం అయ్యాక మళ్లీ అడిగింది.

"కమిటీ వేశాం. అనుభవమున్న వాళ్లనే వేశాం. అధ్యక్షుడు భద్రయ్య గారు" అన్నాడు గోవర్ధనం.

"ఆయనకు అనుభవమున్న మాట నిజమే" అంది తులశమ్మ, రెండో చిల్లు పొడుస్తూ.

మూడో సమావేశంలో కమిటీకి విహారయాత్ర మంజూరైంది. నాలుగోది కోరం లేక వాయిదా పడింది. ఇప్పుడు నాలుగు చిల్లులు దారిన పోయేవాళ్లందరికీ కనపడుతున్నాయి. కోతులైతే పనిగట్టుకొచ్చి, మాను కింద కూర్చుని, గోవర్ధనం కనపడగానే నాలుగు వేళ్లు చూపించి పళ్లికిలించేవి.

ఇక ఓర్చుకోలేక అతను తులశమ్మను పక్కకు పిలిచాడు.

"ఈ టకటక ఆపు తల్లీ. వాగు ఒడ్డున నీకు మంచి తొర్ర ఇప్పిస్తాను."

"నా తొర్ర నేను తొలుచుకోగలనండీ. మీరు చట్టం సంగతి చూడండి."

అతను చూశాడు. ఐదో సమావేశంలో పిల్లల రక్షణ చట్టం నెగ్గిందని, మర్నాడే తనకు సన్మానమని అడవంతా చాటింపు వేయించాడు. తులశమ్మ ఆ చట్టం ప్రతి సంపాదించి నాంచారమ్మకు చదివి వినిపించింది. అందులో ఉన్నవి రెండే ముక్కలు. పిల్లలు జాగ్రత్తగా ఉండవలెను. ఉండని యెడల తల్లులదే బాధ్యత.

"అయితే మా చిట్టి తోక తెంచింది నేనేనా అక్కా?" అంది నాంచారమ్మ.

తులశమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ అక్షరమక్షరం పట్టుకుని వాదిస్తే గోవర్ధనం పొద్దుగూకేదాకా మాట్లాడగలడని ఆమెకు తెలుసు. అతను తప్పించుకోలేని ప్రశ్న ఒక్కటే అడగాలనుకుంది.

సన్మానానికి అడవంతా వచ్చింది. ముందు వరసలో భద్రయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. గోవర్ధనం మెడలో దండతో మైకు పుచ్చుకుని, "నేటి నుంచి మన పిల్లలకు ఫోనులో భయమన్నది లేదు" అన్నాడు.

తులశమ్మ వచ్చి మైకు కర్ర మీద వాలింది.

"చాలా సంతోషమండీ. మీ చిన్నబ్బాయికి నిన్ననే ఫోను కొన్నారటగా?"

"కొన్నాను" అన్నాడు గర్వంగా.

"ఆ నంబరేదో మైకులో చెప్పండి. మీకే అంత నమ్మకముంటే మాకూ కుదురుతుంది. పిల్లాడికి స్నేహితులూ దొరుకుతారు."

భద్రయ్య ఫోను తీసి, పెదాలు నాక్కుని, "చెప్పండి సార్, రాసుకుంటాను" అన్నాడు.

గోవర్ధనం మెడలో దండ సర్దుకున్నాడు. "అది మా ఇంటి విషయం" అన్నాడు.

"మాదీ ఇల్లే" అంది వెనక నుంచి నాంచారమ్మ.

జనం చూస్తున్నారు. "తొమ్మిది..." అని మొదలుపెట్టి అతను భద్రయ్య పళ్ల వంక చూశాడు. అంతే, నోరు జారింది. "చెప్పను. ఈ భద్రయ్య చేతికి నా కొడుకు నంబరిస్తానా?"

ఆ మాట మైకులోంచి వాగు అవతలికి కూడా వినపడింది.

"మా పిల్లలవి ఆయన దగ్గరే ఉన్నాయండీ" అంది తులశమ్మ మెల్లగా.

భద్రయ్య లేచి జారుకోబోయాడు. వెనక ముళ్లపందులు వరసకట్టి నిలబడ్డాయి. ఫోను లాక్కుని చూస్తే పదకొండు దొంగపేర్లు, పదకొండు పిల్లల ఫొటోలు. అక్కడికక్కడే సభ కూర్చుంది. అసలు చట్టం ఎలా ఉండాలో తల్లులు చెబుతుంటే, దండ తీయడానికైనా తీరిక లేకుండా గోవర్ధనం రాశాడు, సంతకం పెట్టాడు. పొద్దువాలే లోపే భద్రయ్యను పొలిమేర దాటించారు.

ఆ కబురు వినిపించడానికి తులశమ్మ బొరియ దగ్గర వాలింది. కాసేపటికి చిట్టి రెండు చెవులూ బయటపెట్టి, "నిజంగా వెళ్లిపోయాడా పెద్దమ్మా?" అని అడిగింది.

ఆ చట్టం తెచ్చింది తానేనని గోవర్ధనం ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాడు. కాకపోతే ఏ గుమ్మం ముందు కొత్త మాట ఇవ్వబోయినా, లోపలి తల్లి "ముందు మీవాడి నంబరు చెప్పండి" అంటుంటే, తోక ముడుచుకుని పక్క గుమ్మానికి పోతున్నాడు.

నీతి: మన పిల్లలకిచ్చిన మాట నాయకుడికి గుర్తుండాలంటే, దాన్ని అతని పిల్లల మీద పెట్టి అడగాలి.