మాటబండ

రాజుగారి కోట ముందు ఒక నల్లబండ ఉండేది. దాని మీద నిలబడి ఎవరేం చెప్పినా శిక్ష ఉండకూడదని రాజుగారి ముత్తాత శాసనం చేశాడు. చెప్పేది రాజు గురించైనా సరే, రాణిగారి తరపు చుట్టాల గురించైనా సరే. బండ దిగి అదే మాట అంటే మాత్రం చెరసాలే. జనం దాన్ని మాటబండ అనేవాళ్లు. తరతరాలుగా ఎక్కి దిగిన కాళ్లకి అది అరిగి, పైన రెండు పాదాల గుంటలు పడ్డాయి.

ఆ ఊళ్లో ఆకుకూరలు అమ్ముకునే ఒకావిడ ఉండేది. ఆవిడ మడికి వచ్చే కాలవని రాజుగారి బావమరిది తన పూలతోటకి మళ్లించుకున్నాడు. తోటకూర నిలువునా ఎండిపోయింది. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి, లాభం లేక, ఒకరోజు ఆవిడ మట్టికాళ్లతోనే బండెక్కింది.

"నా నీళ్లు నాకిప్పించండి. ఎవరు దొంగిలించారో మీ అందరికీ తెలుసు. భయపడి నోరు మెదపట్లేదు," అంది.

భటుడు ఈటె పట్టుకుని పక్కనే ఉన్నాడు గానీ కదల్లేదు. నలుగురిలో పరువు పోయేసరికి రాజు కాలవని వెనక్కి తిప్పించాడు.

మడిలోకి నీళ్లు వచ్చిన రోజు ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. మేలు మర్చిపోయే మనిషి కాదు. తెల్లారగానే తలంటుకుని వెళ్లి, బండని కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, దండం పెట్టుకుని వచ్చింది. ఎంత పని చేసిందో అప్పటికి ఆవిడకి తెలియదు పాపం.

మర్నాడు పన్నుల మీద గోల పెడదామని వచ్చిన ఒక చేనేతాయన బొట్టు చూసి ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు, చేతులు జోడించాడు, వచ్చిన పనేదో మనసులోనే చెప్పుకుని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినావిడ కొబ్బరికాయ కొట్టింది. పసుపు రాసిన రాతి మీద కాలు పెట్టే ధైర్యం మనలో మాత్రం ఎవరికుంది?

ఆ బండ తీయించేద్దామని మంత్రి ఎప్పట్నుంచో రాజు చెవిలో పోరుతున్నాడు. ఈసారి రాజు నవ్వాడు.

"తీయించడం దేనికయ్యా? మండపం కట్టించు," అన్నాడు.

మండపం లేచింది. పూజారి వచ్చాడు. ఏడాదికోసారి ఉత్సవం కూడా మొదలైంది. శాసనంలో ఒక్క అక్షరం మారలేదు.

ఏళ్లు గడిచాయి. ఆవిడకి ఒక తమ్ముడున్నాడు, తోలుబొమ్మలాడించేవాడు. ఒక ఆటలో రాజు బొమ్మకి పొట్ట కాస్త పెద్దది పెట్టాడు. జనం పడీపడీ నవ్వారు. తెల్లారేసరికి భటులొచ్చి అతన్ని పట్టుకుపోయారు. ఎక్కడ పెట్టారో, బతికున్నాడో లేదో చెప్పే నాథుడు లేడు.

ఆవిడ నేరుగా బండ దగ్గరికి వచ్చింది. మెట్టెక్కబోతుంటే పూజారి అడ్డొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? స్వామి మీద కాలు పెడతావా?"

"స్వామేంటయ్యా, ఇది మాటబండ. ఇదివరకు నేను ఎక్కిందే. నా తమ్ముణ్ణి ఏం చేశారో అడగాలి."

"తప్పు తల్లీ, లెంపలేసుకో. అవి స్వామి పాదాలు," అన్నాడు వరసలో ఉన్న ఒక ముసలాయన గుంటలు చూపిస్తూ.

"అవి మన కాళ్లు, తాతా. మీ నాన్నవీ, నావీ."

ఆయన చెవులు మూసుకున్నాడు. పక్కనున్న చేనేతాయన మెల్లిగా అన్నాడు.

"మొదటి బొట్టు పెట్టింది నువ్వే కదక్కా. నిన్ను చూసే కదా మేమూ దండం పెట్టాం."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. అది నిజం.

"మేం ఆపట్లేదమ్మా," అన్నాడు భటుడు. "ఎక్కితే నిన్ను తాకను. శాసనం శాసనమే. కింద నుంచి అడిగితే మాత్రం తీసుకెళ్లక తప్పదు. ఇప్పుడన్నది విననట్టే ఉంటాలే."

అని నిజంగానే పక్కకి జరిగాడు. జనమే జరగలేదు. చేతులు పట్టుకుని బండ చుట్టూ నిలబడ్డారు.

ఆవిడ ఇంటికెళ్లి బిందెతో నీళ్లు తెచ్చింది, తన కాలవ నీళ్లే. అభిషేకం అనుకుని అందరూ సంతోషంగా దారిచ్చారు. పసుపు పోతే రాయి రాయిలా కనిపిస్తుందని, ఒక్కసారి కనిపిస్తే వీళ్లకే గుర్తొస్తుందని ఆవిడ ఆశ. ఒంగి, అరచేత్తో రుద్ది రుద్ది కడిగింది. ఇన్నేళ్ల పసుపూ కరిగి కారిపోయింది. నల్లరాయి బయటపడింది. గుంటల్లో నీళ్లు నిలిచాయి.

తమ్ముడి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కాలెత్తబోయింది. ఈలోగా పూజారి గుంటలో ఉద్ధరిణె ముంచాడు.

"తీర్థం," అన్నాడు.

జనం ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ చేతులు చాచారు. అభిషేకం చేసింది ఆవిడే కాబట్టి మొదట ఆవిడకే ఇవ్వబోయాడు. వద్దనుకుంటూనే ఉంది, చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఒకప్పుడు తన మట్టికాలు ఆనిన గుంటలో నీళ్లవి. కళ్లకద్దుకుని తాగింది. మిగిలిన తడి తలకి రాసుకుంది.

ఆవిడ వెనకే భటుడు ఈటెని చంకలో ఇరికించుకుని చెయ్యి చాచాడు.