బూటు పాలిష్ పూసిన గొట్టం

గుమ్మలపురం రాజావారు ఒకనాడు నిండు కొలువులో ముక్కు ఎగబీల్చారు. మొహం చిట్లించారు. వెంటనే చాటింపు వేయించారు.

"మా కారు దగ్గర ఏదో వాసన వస్తోంది. అదేమిటో తేల్చినవారికి అడిగిన బహుమానం! కానీ మా నాన్నగారు తెల్లదొరల సీమ నుంచి తెప్పించిన కారుకు ఎవడైనా వంక పెట్టాడో, ఏనుగుల సాలలో లద్దె ఎత్తాల్సిందే!"

వాసనంటే మామూలు వాసనా? కోట మీదుగా ఎగిరే కాకులు తూలి పెంకుల మీద పడేవి. దోమలు పిల్లాజెల్లాతో పక్క సంస్థానానికి వలసపోయాయి. వంటశాలలో పులిహోర తిన్నవాళ్ళకి పెట్రోలు తేన్పులొచ్చేవి.

కారణం చెప్పిన మనిషి అప్పటికే ఏనుగుల సాలలో ఉన్నాడు. కారు డ్రైవరు సన్యాసి. "పెట్రోలు పారే రబ్బరు గొట్టం ముసలిదైపోయింది మహాప్రభూ, మార్పించండి" అన్నాడు పాపం, అంతే. ఆ సాలలో ఉన్నది ఒక్క ఏనుగే గానీ, పది ఏనుగుల పని పెట్టేది.

సన్యాసి అక్క గవరమ్మ. రాజావారి పక్కన నిలబడి తాంబూలం అందించే మనిషి. మధ్యాహ్నం తమ్ముడికి అన్నం పట్టుకెళ్ళింది.

"ఎంత ముసలిదిరా ఆ గొట్టం?"

"చలికాలం మడమలు చూడలేదా అక్కా, అలా పగిలిపోయింది. అటు ఇంజను వేడి, ఇటు పెట్రోలు నానుడు. గట్టిగా వంచితే ఎండు జంతికలా పుటుక్కుమంటాది. ఆ పగుళ్ళలోంచే కారతంది. నా సంగతొదిలెయ్. రేపు ఆయుధపూజ! బానెట్టు ఎత్తి ఇంజనుకి కర్పూర హారతిస్తారు. పక్కనే రాజావారు నిలబడతారు."

"నిప్పు తగిలితే?"

"రాజావారి తలపాగా కళింగపట్నంలో దొరుకుతాది."

"మరి కారు బాగోగులు చూసే ఆ సూపరింటెండెంటు గారికి కళ్ళు లేవా?"

"ఉన్నాయి కాబట్టే నన్నిక్కడికి తోలించారు! తన ఏలుబడిలో కారుకి వయసే రాదని గొప్పలు కొట్టారు కదా. రోజూ పొద్దున్నే ఆ పగుళ్ళకి బూటు పాలిష్ పూస్తన్నారు."

మోటారు సూపరింటెండెంటు భుజంగరావుగారి మీసాలు ఆయన కంటే ముందు గుమ్మం దాటేవి. అవి కోటలోకి వచ్చాక కాసేపటికి మిగతా ఆయన వచ్చేవారు. ఆ సాయంత్రం కూడా అలాగే వచ్చి, మీసం దువ్వి, రాజావారికి విన్నవించారు.

"అది వాసన కాదు మహాప్రభూ, దర్జా! సీమ కార్లు ఖుషీగా ఉంటే అలాగే గుబాళిస్తాయి."

రాజావారు ఉబ్బిపోయి ఆయనకు తాంబూలం ఇప్పించారు. గవరమ్మ అందిస్తుంటే తమలపాకు మీద ఆయన బొటనవేలి నల్లటి ముద్ర పడింది. పాలిష్! తమ్ముడి మాట అక్షరాలా నిజం. కానీ ఆ మాట అంటే సాలలో రెండో చీపురు తనదే.

గవరమ్మ చేతులు జోడించింది.

"మహాప్రభూ, మన కోటలో ఎవరు సాకేదానికి వాళ్ళే కదా హారతిచ్చేది? ఏనుక్కి మావటి, నగారాకి నగారావాడు. నిరుడు కారుకి మా తమ్ముడిచ్చాడు. వాడిప్పుడు లద్దెలో ఉన్నాడు. ఇంత దర్జాగా సాకుతున్న సూపరింటెండెంటు గారుండగా ఇంకొకరెందుకు?"

"భేష్!" అన్నారు రాజావారు. భుజంగరావుగారి మీసాలు అప్పుడే కొంచెం వాలాయి.

మర్నాడు కారుకు బంతిపూల దండలు వేశారు. దాని పక్కనే పూజకు ఏనుగు, నగారా, ఏనుగు వెనక చీపురుతో సన్యాసి. బానెట్టు ఎత్తారు. గవరమ్మ పళ్ళెం తెచ్చింది. అందులో తెల్లని పలుకులు గంగిరెద్దు మూపురమంత ఎత్తున పోసి ఉన్నాయి. పక్కన అగ్గిపెట్టె.

"ఇంత కర్పూరమా!" అన్నారు భుజంగరావుగారు నీరసంగా.

"సీమ కారు కదండీ బాబూ, చిన్న హారతి ఆనుతుందా? ఇంకాస్త దగ్గరగా. ఆ గొట్టం పక్కనే."

"నాకు... కాస్త జలుబు."

"మరీ మంచిది. దర్జా దగ్గరగా పీలిస్తే దిగిపోతుంది."

"గీయవయ్యా!" అని రాజావారు తానే చూద్దామని ముందుకు వంగారు.

భుజంగరావుగారి చేతిలో అగ్గిపెట్టె గలగలలాడింది. ఆ గలగలకు తాళం కుదిరి నగారావాడు వాయించడం మొదలుపెట్టాడు. ఆయనకు కారిన చెమటకి బంతిపూలు మళ్ళీ మొగ్గ తొడిగాయి. పుల్ల తీశారు. పెట్టెకు ఆనించారు. అంతే, అన్నీ విసిరికొట్టి, ఒక్క గెంతులో వెళ్ళి ఏనుగు వెనక తేలారు.

"వద్దు మహాప్రభూ! గొట్టం పగిలిపోయింది! ముసలి రబ్బరు! పెట్రోలు కారుతోంది! పాలిష్ పూసి దాచాను! అంటుకుంటే కోటే లేచిపోతుంది!"

రాజావారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. తర్వాత గవరమ్మ వైపు ఉరిమి చూశారు.

"వాడు గీసుంటే మా గతేమిటే?"

గవరమ్మ పళ్ళెంలోంచి ఓ పలుకు తీసి కరకరా నమిలింది.

"పటికబెల్లం మహాప్రభూ. అగ్గిపెట్టె నిన్ననే పెసరపప్పుతో కలిపి నానబోసి ఆరబెట్టాను. దానికి ఈ జన్మలో నిప్పు పుట్టదు."

రాజావారి పెదవులు అదిరాయి. నవ్వాపుకుంటూ అడిగారు.

"అయితే వాసన సంగతి తేల్చింది నువ్వేనన్నమాట?"

"నేనా? నేను కారుని పల్లెత్తు మాటన్నానా మహాప్రభూ! తేల్చిందీ వారే, వంక పెట్టిందీ వారే. రెండూ ఒక్కరికే ఇస్తే మోయలేరు. బహుమానం నాకిప్పించి, సాల వారికుంచండి."

రాజావారు నవ్వారు చూడండి, కోట బురుజు మీది పెంకులు రాలాయి. పెంకుల మీది కాకులకు మత్తు దిగింది. తమ మెడలోని ముత్యాల హారం తీసి గవరమ్మకి ఇచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"కారుకి కొత్త గొట్టం. దాని ముందు కూచోడానికి మా పాత తమ్ముడు."

సన్యాసి చీపురు తెచ్చి భుజంగరావుగారి చేతిలో పెట్టాడు. కొత్త మనిషి వచ్చిన సంబరంలో ఏనుగు అక్కడికక్కడే ఆయనకు పని కల్పించింది.