గంగులు వీపు మీద గడ్డి పరుపు

అనగనగా పాపికొండల వెనక ఒక అడవి. ఆ అడవిలో నాంచారమ్మ అనే ముసలి ముళ్లపంది ఉండేది. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి ‘మామ్మగారూ’ అని పిలిచేవారు. ఎవరి పిల్ల ఏ వానాకాలంలో పుట్టింది, ఎవరి తాత ఏ గుట్ట మీద ఉండేవాడు, అన్నీ ఆవిడకే గుర్తు.

ఆ ఏడు గోదావరికి పుష్కరాలొచ్చాయి. పుష్కరాలంటే తెలుసుగా పిల్లలూ? పన్నెండేళ్లకొకసారి వస్తాయి. పన్నెండు రోజులుంటాయి. ఆ రోజుల్లో గోదారి తల్లి ఒళ్లో మునిగితే ఎంతో పుణ్యం. రాలేనివాళ్ల పేరు చెప్పి, వాళ్ల కోసం కూడా ఒక మునక వేయచ్చు.

మామ్మగారు బయలుదేరుతోందని తెలిసి రాలేనివాళ్లంతా ఆవిడ దగ్గరికి వచ్చారు. కాలు విరిగిన కొంగ ఒక రెల్లుపువ్వు తెచ్చి ఆవిడ ముల్లుకి గుచ్చింది.

“నా పేర ఒక్క మునక, మామ్మగారూ.”

నిన్ననే ఈనిన లేడి ఒక గరికపోచ చుట్టింది. చూపు ఆనని ఎలుగుబంటి తాత తడుముకుంటూ మోదుగాకు గుచ్చాడు. అలా ఇరవై ఒక్క పేర్లు, ఇరవై ఒక్క గుర్తులు. ముళ్ల నిండా ఆకులూ పువ్వులూ పెట్టుకుని మామ్మగారు పెళ్లిపందిరిలా తయారైంది.

“అందరి పేరూ చెప్తాను. ఒక్కటి కూడా మరిచిపోను,” అని మాటిచ్చింది.

ఆ అడవిలోనే గంగులని ఒక అడవిదున్న ఉండేవాడు. కొండంత మనిషి, వెన్నలాంటి మనసు. నడవలేని పెద్దవాళ్లందరినీ పుష్కరాలకి తనే మోసుకెళ్తానన్నాడు. గిజిగాళ్లు అతని వీపుకి సరిపడా మెత్తని గడ్డి పరుపు అల్లాయి. పైన టేకాకుల గొడుగు కట్టాయి. పక్కన మంచినీళ్లకి వెదురుగొట్టం వేలాడదీశాయి. ఇక గంగులు నడక చూడాలి! నిద్రపోయే పసిపిల్లని దాటుతున్నట్టు ఒక్కో గిట్టా మెల్లగా వేసేవాడు. కుదుపు తగులుతుందంటే చుట్టుదారైనా అటే పోయేవాడు.

మొదటి రోజు గంగులు మామ్మగారి ముందు మోకాళ్ల మీద వంగాడు.

“ఎక్కండి మామ్మగారూ. ఒక్క పూటలో రేవులో ఉంటాం.”

“చాల్లేరా! పరుపులెక్కి ఊరేగడానికి అదేమన్నా పెళ్లివిందా? మా అమ్మ నడిచింది, మా అమ్మమ్మ నడిచింది. అరికాళ్లు బొబ్బలెక్కితేనే అది యాత్ర. నేనూ నడిచే వెళ్తాను.”

గంగులు కొమ్ము మీద ఎప్పుడూ ఒక గోరింక కూర్చుని ఉండేది. దాని నోటికి తాళం లేదు.

“నడవండి, నడవండి! మీరు చేరేసరికి పై పుష్కరాలొచ్చేస్తాయి!”

“నోర్ముయ్యవే,” అన్నాడు గంగులు. మామ్మగారికి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆరో రోజుకి మామ్మగారి మోకాలు గుమ్మడికాయలా వాచింది. దారి సగం కూడా తరగలేదు. అప్పుడే గంగులు ఎదురొచ్చాడు. అప్పటికి అయిదు జట్లని దించి వస్తున్నాడు.

“ఎక్కండి మామ్మగారూ.”

“వద్దురా. ఈ నొప్పి కూడా గోదారి తల్లికే.”

గంగులు వాదించలేదు. వావిలాకు నలిపి ఆవిడ మోకాలికి కట్టాడు. తాగడానికి నీళ్లిచ్చాడు. కాసేపటికి ముసలి కోతి దంపతుల్ని ఎక్కించుకుని అదే దారిన వెళ్లాడు. ఆ ఇద్దరూ కబుర్లాడుకుంటూ వెళ్తారనుకుంది మామ్మగారు. కానీ వాళ్లు కళ్లు మూసుకుని నామం చెప్పుకుంటున్నారు. ఎంత హాయిగా కూర్చున్నారో అంత నెమ్మదిగా, అంత భక్తిగా. మామ్మగారు వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నానికి ఆవిడ ఒక వాగు దగ్గరికి చేరింది. పైన వానలు పడి వాగు పొంగి ఉరకలేస్తోంది. ఆ సాయంత్రంతో పుష్కరాలు ముగిసిపోతాయి. మామ్మగారు మొండిగా నీళ్లలో కాలు పెట్టింది. నీరు ఆవిణ్ణి ఈడ్చింది. కొంగ ఇచ్చిన రెల్లుపువ్వు ముల్లు నుంచి ఊడిపోయింది! ఆవిడ గబుక్కున నోటితో అందుకుని, ఎలాగో ఒడ్డు పట్టుకుని పైకొచ్చి, దాన్ని మళ్లీ ముల్లుకి గుచ్చుకుని కూలబడింది.

అవతలి నుంచి వాగు దాటి గంగులు వచ్చాడు. వీపు మీద ఎవరూ లేరు.

“ఆఖరి జట్టుని నిన్ననే దించేశాం. ఇప్పుడు మీ కోసమే వచ్చాం,” అంది గోరింక. ఈసారి ఎగతాళి చేయలేదు.

గంగులు మెల్లగా అన్నాడు: “మీ పుణ్యం మీ ఇష్టం మామ్మగారూ. నడిచే వస్తానంటే కాదనను. కానీ మీతో వచ్చిన ఆ ఇరవై ఒక్కరూ ఏం పాపం చేశారు?”

మామ్మగారు వెనక్కి తిరిగి తన ముళ్లని చూసుకుంది. గరికపోచ వడిలింది. మోదుగాకు అంచులు ఎండాయి. ఇన్నాళ్లూ నా యాత్ర, నా బొబ్బలు అనుకున్నాను, మరి వీళ్లో అనుకుని ఆవిడ గంగులు వైపు తిరిగింది.

“ఎక్కుతానురా. కానీ నా ముళ్లు నీకు గుచ్చుకుంటాయి కదరా, నాయనా!”

గంగులు నవ్వాడు.

“పరుపు అంత మందంగా ఎందుకు అల్లించాననుకున్నారు? మొదటి రోజు నుంచీ అది మీ కోసమే.”

మామ్మగారు పరుపెక్కి కూర్చుంది.

గంగులు వాగు దాటాడు. ఆవిడకి నీటి తుంపర కూడా తగలనివ్వలేదు. పొద్దు వాలే వేళకి రేవులో దించాడు. మామ్మగారు ఒక్కో పేరూ చెప్పి ఒక్కో మునక వేసింది. మునిగినప్పుడల్లా ఒక గుర్తు ముల్లు విడిచి గోదారిలో సాగిపోయింది. రెల్లుపువ్వు, గరికపోచ, మోదుగాకు... ఇరవై ఒకటీ పూర్తయ్యాయి.

అప్పుడు ఆవిడకి ఒక సంగతి తట్టింది.

“ఒరేయ్ గంగులూ, నువ్వెన్ని మునకలేశావురా?”

గంగులు తల దించుకున్నాడు. గోరింక ఆగలేకపోయింది.

“ఒక్కటీ లేదు మామ్మగారూ! ఒడ్డున దించడం, ఇంకా ఎవరో ఎదురుచూస్తుంటారే అంటూ వెనక్కి పరిగెత్తడం!”

సూర్యుడు కొండ అంచు తాకాడు. ఇంకొక్క మునకకే వేళ ఉంది. మామ్మగారు తన కోసం ఇంకా మునగలేదు. ఆవిడ పరుపులోంచి ఒక గడ్డిపోచ లాగి, తన ముల్లుకి తనే గుచ్చుకుంది.

“ఇది నీ పేర.”

“మరి మీది?”

“పై పుష్కరాలకి చూసుకుందాంలే.”

“అదేం కుదరదు. ఎక్కండి!” అని గంగులు వంగాడు. ఆవిణ్ణి ఎక్కించుకుని తిన్నగా గోదారిలోకి నడిచాడు. మోకాళ్ల లోతు, మెడ లోతు. అక్కడ మెల్లగా కూర్చున్నాడు. దున్న, పరుపు, పరుపు మీద మామ్మగారు, అంతా కలిసి ఒకే మునక! గోరింక కొమ్ము కొస మీద కాళ్లు తడుపుకుంటూ కేరింతలు కొట్టింది.

తిరిగి వచ్చాక కొంగ అడిగింది: “పాపం, అంత దూరం నడిచే వెళ్లారా మామ్మగారూ?”

“కొంత దూరం మొండిగా నడిచాను. మిగతా దూరం హాయిగా వెళ్లాను,” అంది మామ్మగారు. “గోదారి తల్లి కూడా నన్ను అలాగే రమ్మంది.”

నీతి: ఒకరి దారిని సుఖంగా చేయడమూ పూజే. ప్రేమతో ఇచ్చిన సుఖాన్ని బెట్టు చేయకుండా అందుకోవడమూ పూజే.