గవరయ్య కుటుంబం గొట్టాలు అతికించిన వైనం

గవరయ్య ఇంట్లో ముగ్గురు: గవరయ్య, పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు ఎర్రయ్య. ముగ్గురికీ తెలివి పొంగిపొర్లుతోందని ముగ్గురూ ఒప్పుకున్నారు.

"చెప్పింది చెప్పినట్టు చేసేది ఈ విశాఖపట్నంలో మనమే" అనేవాడు గవరయ్య.

ఆ మాట నమ్మి, కొండ దిగువన ల్యాబు నడిపే కుముదిని మేడమ్ వాళ్ళని గొట్టాలు అతికించే పనిలో పెట్టుకుంది. గోరంత సిలికాన్ పలక. దాని లోపల వెంట్రుక కన్నా సన్నటి కాలవలు. పైనున్న చిన్న రంధ్రానికి గొట్టం అతికిస్తే చాలు, పసిబిడ్డ రక్తం ఒక్క చుక్క పంపి రోగమేమిటో చెప్పేయొచ్చు. మేడమ్ ఏళ్ళ తరబడి కష్టపడితే తయారైనవి మూడే పలకలు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి డాక్టర్లు చూడ్డానికొస్తున్నారు. నచ్చితే పిల్లల వార్డులో వాడతారు.

"జిగురుతో రంధ్రం మూసుకుపోతుందేమో, చూస్తూ ఉండండి" అంది మేడమ్.

ఇంకేముంది! గవరయ్య జిగురు ధారగా పోశాడు. మిగతా ఇద్దరూ రెప్ప వెయ్యకుండా చూశారు. జిగురు అంచు దాటింది. చూశారు. రంధ్రంలోకి దిగింది. చూశారు.

"మూసుకుపోయింది మేడమ్!" అని సంబరంగా కేకేశాడు ఎర్రయ్య. "మొదట్నుంచీ చూశాం, ఒక్క క్షణం వదల్లేదు."

మేడమ్ రెండో పలక ఇచ్చింది. "గొట్టానికి రెండు కొసలున్నాయిగా, జాగ్రత్తగా కలపండి" అని ఫోను మోగితే పక్క గదిలోకి వెళ్ళింది.

అంతే, కొస తెచ్చి కొసకే అతికించేశారు. పైడమ్మ దాన్ని చేతికి తొడుక్కుంది. "గాజు భలే కుదిరిందయ్యా!"

"మరి ఈ పలక?" అన్నాడు ఎర్రయ్య.

"దీనికి కొసలేవీ? ఇది మన పని కాదు" అని పైడమ్మ దాన్ని చెత్తబుట్టలో పడేసింది. మేడమ్ వచ్చేసరికి చెత్తబండి వెళ్ళిపోయింది.

మూడో పలకకి గొట్టం మేడమే అతికించి, పంపు తగిలించింది. "మీరేమీ అతికించొద్దు. దీనికి నీళ్ళు వదలండి, చాలు" అని డాక్టర్లకి ఎదురెళ్ళింది.

గవరయ్య మొహం పాలిపోయింది. "నీళ్ళు వదలమందంటే... ఇదీ పోయిందన్నమాటే!"

పైడమ్మ భోరుమంది. "పొద్దున బాగానే ఉంది కదయ్యా!"

"ఒట్టి నీళ్ళెలా వదుల్తాం వదినా? నువ్వులేవీ?" అన్నాడు ఎర్రయ్య.

టిఫిను డబ్బాలో నువ్వుండ దొరికింది. చిదిపి నీళ్ళలో కలిపారు.

"గోత్రం ఏమని చెప్పాలన్నా?"

"సిలికాన్ గోత్రం అనరా."

దక్షిణం వైపు తిరిగి, దండం పెట్టి, పంపులో పోసి నొక్కారు. వెంట్రుక సందులో నువ్వుగింజ దూరుతుందా? పంపు గుర్రుమంది. గొట్టం ఎగిరిపోయింది. పలక రెండు ముక్కలైంది. నువ్వుల నీళ్ళు అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన పెద్ద డాక్టరుగారి మొహాన పడ్డాయి.

"అయ్యయ్యో, ఈయనక్కూడా వదిలేశామే!" అన్నాడు ఎర్రయ్య.

డాక్టర్లు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. మేడమ్ కూలబడి, కాసేపు ఏడ్చి, లేచి అరిచింది. "మీ ముగ్గురి ఉద్యోగాలూ ఊడిపోయాయి!" వాచ్‌మన్‌ని పిలవడానికి విసురుగా బయటికెళ్ళింది.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ముందుగా గవరయ్యకి ధైర్యమొచ్చింది. "ఊడితే ఏమైందిరా? అతికించడమేగా మన పని!"

మేడమ్ వాచ్‌మన్‌తో వచ్చేసరికి ముగ్గురూ ఎవరి కుర్చీలో వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు. జిగురు డబ్బా ఖాళీ.

"లేవండి!" అంది మేడమ్.

"లేవలేం మేడమ్" అన్నాడు గవరయ్య గర్వంగా. "ఉద్యోగం ఈసారి గట్టిగా పట్టింది. కావాలంటే మీరే పీకి చూడండి."