ఖాళీగా తిరిగిరాని గిన్నె

సెగరపుర మహారాజు జయనింగ్రాట్‌కి ఒక ఉదయం ఉన్నట్టుండి అతిథుల మీద మనసైంది. యవద్వీపపు తీరాన ఉన్న ఆ నగరంలో బంగారంలాంటి ఇసుక ఉంది, సముద్రానికి అవతల పొగలు కక్కే కొండ ఉంది, రాజుగారి పొట్ట ఉంది. చూడదగ్గవి ఇన్ని ఉన్నా చూసేవాళ్లే లేరు. ఓడలు వస్తాయి, మంచినీళ్లు నింపుకుంటాయి, వెళ్లిపోతాయి.

"పొరుగు రాజ్యానికి యాత్రికులు తండోపతండాలుగా వెళ్తున్నారట. మనకేం తక్కువ?" అన్నాడు రాజు. "సత్రాలు కట్టాలి, విహారపు పడవలు చేయించాలి. మన బొక్కసం సంగతి మీకు తెలిసిందే. పెట్టుబడి పెట్టే వర్తకుణ్ణి ఎవరైనా పట్టండి."

"ఆ పని నాది ప్రభూ" అన్నాడు మంత్రి ఆర్యకుసుమ. మంత్రిగారు చాలా తెలివైనవారు. ఆ సంగతి ఊరందరికీ ఆయనే స్వయంగా చెప్పారు. "ముందు రేవు పక్కనున్న చేపలవీధి తీసేయాలి. ఆ కంపుకి ఏ వర్తకుడు నిలుస్తాడు? ప్రస్తుతానికి వెదురు తడికలు కట్టి దాచేస్తాను. పున్నమి వెళ్లగానే కూలగొట్టిస్తాను."

"సరే" అన్నాడు రాజు. చివర ఎవరు మాట్లాడితే వాళ్లకి సరే అనడం ఆయన అలవాటు.

పక్కన తమలపాకులు చుడుతున్న అడపకత్తె సెకార్ చేతిలో ఆకు చిరిగింది. ఆమె పెరిగింది ఆ వీధిలోనే. తల్లి లేని పిల్లని సాకిన మేనత్త ముర్ని ఇప్పటికీ అక్కడే చేపలు కాలుస్తోంది.

రాజుగారి అలవాటు తెలిసిన సెకార్ చివరి మాట తనే అందుకుంది. "ప్రభూ, ఆ వర్తకుణ్ణి చేపలవీధే పట్టి ఇస్తే?"

"అప్పుడు వీధి నిలుస్తుంది, తడికలు పోతాయి. సరేనా?" అన్నాడు రాజు.

మంత్రి నవ్వాడు. ఆయన నవ్వితే గొడుగు పట్టినవాడు కూడా నవ్వాలి. వాడూ నవ్వాడు.

అమావాస్య వెళ్లిన మర్నాడు మోటుపల్లి నుంచి పోలినాయుడి ఓడ వచ్చింది. సముద్రం మీదే జుట్టు నెరిసిన వర్తకుడు, ఈ దీవుల భాషలన్నీ వచ్చినవాడు. మంత్రి ఆయన్ని పల్లకీలో తిప్పాడు. కొబ్బరిచెట్లకి సున్నం కొట్టించాడు. కూలికి మనుషుల్ని పెట్టి యాత్రికుల్లా నడిపించాడు. ఒకే మనిషి మూడు తలపాగాలు మార్చి ఎదురయ్యేసరికి నాయుడికి ఆవులింత వచ్చింది.

"రేపు లంగరెత్తేస్తాం" అన్నాడు.

ఆ సాయంత్రమే సెకార్ ఆయన బసకి ఒక ఇత్తడి గిన్నె పట్టుకెళ్లింది. మూత తీస్తే కొబ్బరిపాలలో ఉడికిన చేప, పైన నిమ్మాకు.

"మా అత్త పంపింది నాయుడుగారూ. తిని గిన్నె ఇప్పించండి."

నాయుడు తిన్నాడు. వేళ్లు నాక్కున్నాడు. గిన్నె కడిగించాక ఆగిపోయాడు.

"ఏమ్మా, మీ ఊళ్లో ఖాళీ గిన్నె తిరిగి ఇస్తారా?"

"ఛీఛీ! ఇచ్చినవాళ్లని అవమానించినట్టు. మీ ఊళ్లోనో?"

"మా ఊళ్లో అయితే మా అమ్మ వీపు చీరేస్తుంది" అని గిన్నెనిండా కందిపప్పు పోయించాడు.

ముర్ని కందిపప్పు ఎన్నడూ చూడలేదు. దాన్ని బెల్లం వేసి వండి, అదే గిన్నెలో పంపింది. నాయుడు నోట్లో పెట్టుకుని గుండె పట్టుకున్నాడు.

"పప్పులో బెల్లమా! ఎవరమ్మా ఆ మహాతల్లి?"

మర్నాడు లంగరెత్తలేదు. చింతపండు పట్టుకుని తడిక పక్కకి నెట్టి, పప్పు ఎలా వండాలో నేర్పడానికి తనే వెళ్లాడు. నేర్పినందుకు ముర్ని రొయ్యలు పెట్టింది. రొయ్యలకి ఆయన ఇంగువ ఇచ్చాడు. ఇంగువ వాసనకి చేపలవీధే ముక్కు మూసుకుంది, మంత్రిగారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పక్కింటివాళ్లు తెల్లవారకుండానే ఆయన్ని పడవలో తీసుకెళ్లి, పొగల కొండ వెనక సూర్యుడు లేవడం చూపించారు. గిన్నె మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

పున్నమి నాడు సభ తీరింది. నాయుడు సెలవు తీసుకోవడానికి వచ్చాడు. చంకలో గిన్నె ఉంది. దారిలో ముర్నికి ఇచ్చేసి ఓడెక్కుదామని.

"నాయుడుగారూ, పెట్టుబడి సంగతి?" అన్నాడు రాజు.

"చూడటానికి బాగుంది మహారాజా. కానీ నేను వర్తకుణ్ణి. వచ్చినవాడు ఒక్క రాత్రయినా ఆగని ఊళ్లో సత్రం ఎవరికోసం కట్టను?"

"నేను చెప్పలేదా ప్రభూ! అంతా ఆ చేపలవీధి వల్లే!" అన్నాడు మంత్రి.

రాజు "సరే" అనడానికి నోరు తెరిచాడు. సెకార్ చప్పున అందులో తాంబూలం పెట్టేసింది.

"నాయుడుగారూ, తమరు ఎన్నాళ్లు ఉందామని వచ్చారు?"

"ఒక్క రాత్రి."

"ఇప్పుడు ఆకాశంలో చంద్రుడు ఎంత ఉన్నాడు? మీ లంగరు తాడుకి నత్తలు పట్టాయట. మీ మొలతాడు రెండుసార్లు వదులు చేశారట. మిమ్మల్ని ఆపిందెవరు? సున్నం కొట్టిన కొబ్బరిచెట్లా?"

నాయుడు గిన్నె వైపు చూశాడు. మంత్రి వైపు చూశాడు. మళ్లీ గిన్నె వైపు చూశాడు.

"పట్టేశావే పిల్లా!"

"ఇంకా లేదు. ఆ గిన్నె మా అత్తకి ఇస్తారు కదా, అందులో ఏముంది?"

నాయుడు మూత తీశాడు. ఖాళీ. పప్పు అయిపోయింది, చింతపండు అయిపోయింది, ఇంగువ డబ్బా కూడా వీధివాళ్లకే పోయింది. నడుము తడుముకున్నాడు, రొంటి తడుముకున్నాడు. చివరికి పకపకా నవ్వి, వేలినున్న ముద్రుంగరం తీసి గిన్నెలో వేశాడు. అది ఖంగుమంది.

"పడవలు, సత్రాలు నావి మహారాజా. సత్రాలు మాత్రం చేపలవీధిలోనే. వంట ముర్నమ్మది. బెల్లం మాత్రం నేనే కొలిచి ఇస్తాను."

సభంతా ఘొల్లుమంది. రాజు తాంబూలం గబగబా మింగాడు.

"ఇన్నేళ్లుగా ఏలుతున్నాను. ఆ గిన్నె మా కోటకి ఒక్కసారీ రాలేదేం?"

సెకార్ చేతులు కట్టుకుంది.

"మధ్యలో తడికలున్నాయి ప్రభూ."

రాజు పొట్ట కదిలేలా నవ్వి, మెడలోని ముత్యాలపేట తీసి ఉంగరం మీద వేశాడు. తడికలు విప్పే పని మంత్రిగారికే అప్పగించాడు. గొడుగు పట్టినవాడు మాత్రం, ఈసారి ఎవరూ చెప్పకుండానే నవ్వాడు.