దివాను చెయ్యి, రాజుగారి ఏసీ

రాజుగారి ఏసీ ప్లగ్గు కరిగి గోడకి అతుక్కుపోయింది. మధ్యాహ్నం కునుకు తీస్తున్న రాజుగారు కాలిన వాసనకి దగ్గుతూ బయటికి పరుగెత్తారు.

"ఇదంతా వైరింగ్ చేసిన సింగారమ్మ నిర్వాకం. కొలువులోంచి తీసెయ్యండి ప్రభూ!" అన్నాడు దివాను విస్సన్న.

నిజానికి సింగారమ్మ ముందే మొత్తుకుంది. ఏసీకి పదహారు ఆంప్స్ పెద్ద సాకెట్టు కావాలనీ, మందపాటి తీగతో వేరే లైను లాగాలనీ చెప్పింది. కొత్తగా రంగులేసిన గోడ పాడవుతుందని దివాను ఒప్పుకోలేదు. "కరెంటు ఎక్కడైనా కరెంటే" అంటూ దీపానికి వాడే చిన్న సాకెట్టుకే అడాప్టరు పెట్టించి ఏసీ తగిలించాడు.

"తప్పు నా వైరింగుదే కావచ్చు ప్రభూ," అంది సింగారమ్మ. "ఈసారి అదే చిన్న సాకెట్టుని దివాను గారికి నచ్చిన పనివాడి చేత బిగింపించి ఏసీ తగిలించండి. తమరు నిద్ర లేచేదాకా దివాను గారు ఆ ప్లగ్గు మీద చెయ్యి వేసి కూర్చుంటే చాలు."

దివాను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "నా చెయ్యి కాలిపోదుటే?"

"మరి గోడ కాలదా బాబూ? దానికి నోరు లేదు గనక ఊరుకుంది."

రాజుగారు పగలబడి నవ్వారు. సాయంత్రానికల్లా గోడ చెక్కి కొత్త లైను లాగారు. ఆ దుమ్ము ఊడ్పించే బాధ్యత దివాను మీద పడింది.

సింగారమ్మ ఆ రోజే ఒకటి నిర్ణయించుకుంది. ఏసీకి చిన్న సాకెట్టు చాలదా అని ఎవరడిగినా, "ముందు మీ చెయ్యి పెట్టండి" అంటుంది. ఇంతవరకూ ఒక్కరూ పెట్టలేదు. ఆమె కూడా ఒక్క ఏసీనీ చిన్న సాకెట్టుకి తగిలించలేదు.